నమూనా పాత్రలో పుట్టిన నైట్రస్ ఆక్సైడ్

1980వ దశకంలో బొగ్గు విద్యుత్ కేంద్రాల పొగగొట్టం వాయువును పరీక్షించిన విధానం, నేడు వరి పొలంలో మూతపెట్టె అమర్చి వాయు నమూనాలు సేకరించే పరిశోధక విద్యార్థికి సుపరిచితంగానే ఉంటుంది. గాలి తీసివేసిన పాత్రలోకి పొగగొట్టం వాయువును లాగి, మూత బిగించి, ప్రయోగశాలకు చేర్చేవారు. కొన్ని గంటల తరువాతనో, కొన్ని రోజుల తరువాతనో గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో ఎలక్ట్రాన్ కాప్చర్ డిటెక్టర్ సాయంతో నైట్రస్ ఆక్సైడ్‌ను కొలిచేవారు. ఆ విలువలు ఒక్కొక్కసారి వంద పీపీఎం దాటి నమోదయ్యేవి. పరికరంలో దోషం లేదు, క్రమాంకనంలోనూ దోషం లేదు. పాత్రలో ఆ వాయువు నిజంగానే ఉంది. పొగగొట్టంలో మాత్రం అంత లేదు.

దహనం ముగిసిన తరువాత, చల్లారిన వాయువులో, పాత్ర గోడల మీద తేమ పట్టిన చోట నైట్రస్ ఆక్సైడ్ కొత్తగా తయారవుతున్నదని 1988లో మ్యూజియో, క్రామ్లిచ్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. సల్ఫర్ డయాక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్, తేమ కలిసి ఉన్న దహన వాయువును నిల్వ ఉంచితే, ఒక గంట వంటి స్వల్ప వ్యవధిలోనే కొన్ని వందల పీపీఎం నైట్రస్ ఆక్సైడ్ పుట్టగలదని వారు చూపించారు. అంతకు పన్నెండేళ్ల క్రితం నుండి పోగుపడిన కొలతల్లో చాలా భాగం దీనితో సందేహాస్పదమైంది. ప్రపంచ నైట్రస్ ఆక్సైడ్ ఆదాయ వ్యయాల లెక్క తిరగరాయవలసి వచ్చింది. ఆ తిరగరాతలో భారం చివరకు ఎవరి పద్దులోకి చేరిందో వ్యవసాయ శాస్త్రజ్ఞులు తెలుసుకోవలసి ఉన్నది.

లెక్క ఎందుకు ముఖ్యమైంది?

పారిశ్రామిక విప్లవానికి పూర్వం వాతావరణంలో సుమారు 270 పీపీబీ ఉన్న నైట్రస్ ఆక్సైడ్ 2019 నాటికి 332 పీపీబీకి చేరింది. వాతావరణంలో దీని ఆయుర్దాయం వంద సంవత్సరాలకు పైమాటే. నూరేళ్ల కాలావధిలో దీని భూతాప సామర్థ్యం కార్బన్ డయాక్సైడ్‌కు 273 రెట్లని ఐపీసీసీ ఆరవ నివేదిక పేర్కొన్నది. స్ట్రాటోస్ఫియర్‌లో ఇది విచ్ఛిన్నమైనప్పుడు ఏర్పడే నైట్రిక్ ఆక్సైడ్ ఓజోన్‌ను హరిస్తుంది. నత్రజని ఆక్సైడ్లు ఓజోన్ విచ్ఛిన్నానికి ఉత్ప్రేరకాలుగా పనిచేస్తాయని పాల్ క్రుట్జెన్ 1970లో వివరించినప్పటి నుండి నైట్రస్ ఆక్సైడ్ మూలాల వేట మొదలైందని చెప్పవచ్చు.

1976లో రెండు వేర్వేరు బృందాలు, వైస్, క్రెయిగ్ ఒకవైపు, పియరోటి, రాస్ముస్సెన్ మరొకవైపు, దహనం ఈ వాయువుకు ఒక మూలమని సూచించాయి. 1987లో హావో, వోఫ్సీ, మెకెల్రాయ్ తదితరులు దహన నమూనాలను విస్తృతంగా పరీక్షించి ప్రచురించారు. నైట్రస్ ఆక్సైడ్‌కు, నైట్రోజన్ ఆక్సైడ్లకు మధ్య ఇంచుమించు స్థిరమైన నిష్పత్తి కనిపించింది. ఆ నిష్పత్తిని ప్రపంచ బొగ్గు వినియోగంతో గుణిస్తే వాతావరణంలో ఏటా పెరుగుతున్న నైట్రస్ ఆక్సైడ్‌లో పెద్ద భాగానికి సమాధానం దొరికినట్లయింది. సమాధానం అంత చక్కగా అమరినందువల్లనే కాబోలు, పాత్రను ఎవరూ అనుమానించలేదు. ఆ పరిశోధకులను తప్పుపట్టడం సులభం గాని న్యాయం కాదు. స్వచ్ఛమైన గాలిలో కలిపిన నైట్రస్ ఆక్సైడ్‌ను పాత్రలో నెలల తరబడి ఉంచినా మార్పు రాదు. అది అంత నిలకడ గల వాయువు. నిల్వలో అది తగ్గదని పరీక్షించుకోవడం ఎవరైనా చేసే పని. నిల్వలో అది పుడుతుందేమోనని పరీక్షించడం ఎవరికి తోస్తుంది?

పాత్రలో జరిగే రసాయనం

బొగ్గు మండినప్పుడు వెలువడే నైట్రోజన్ ఆక్సైడ్లలో అత్యధిక భాగం నైట్రిక్ ఆక్సైడ్. ఇది నీటిలో కరగదనే చెప్పవచ్చు. కానీ పాత్రలో మిగిలి ఉన్న ఆక్సిజన్‌తో ఇది మెల్లగా కలిసి నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారుతుంది. ఈ చర్యకు ఒక విశేషం ఉన్నది. సాధారణంగా రసాయన చర్యలు వేడికి వేగం పుంజుకుంటాయి. ఇది మాత్రం చల్లబడిన కొద్దీ వేగవంతమవుతుంది. అంతేకాక దీని వేగం నైట్రిక్ ఆక్సైడ్ గాఢత వర్గానికి అనులోమంగా ఉంటుంది. గాఢత పదింతలు తగ్గితే వేగం వందింతలు తగ్గుతుంది.

ఇలా ఏర్పడిన నైట్రోజన్ డయాక్సైడ్, మిగిలిన నైట్రిక్ ఆక్సైడ్‌తో కలిసి గోడలపై పట్టిన నీటి పొరలో కరిగి నైట్రస్ ఆమ్లమవుతుంది. సల్ఫర్ డయాక్సైడ్ అదే నీటిలో కరిగి బైసల్ఫైట్ అవుతుంది. నైట్రైట్, బైసల్ఫైట్ ఒకే నీటి బిందువులో కలిసినప్పుడు ఏమి జరుగుతుందో రసాయన పరిశ్రమకు పందొమ్మిదవ శతాబ్ది నుండీ తెలుసు. రాషిగ్ పద్ధతిలో హైడ్రాక్సిలమీన్ తయారీకి ఆధారం ఈ జంటే. నైట్రైట్‌లోని నత్రజని క్షయకరణం చెందుతూ మెట్లు దిగుతుంది. ఆ మెట్లలో ఒకటైన నైట్రాక్సిల్ అణువులు రెండు కలిసి నీటిని విడిస్తే మిగిలేది నైట్రస్ ఆక్సైడ్. మొత్తం చర్యను కలిపి చెప్పుకొంటే, రెండు నైట్రిక్ ఆక్సైడ్ అణువులు, ఒక సల్ఫర్ డయాక్సైడ్ అణువు, ఒక నీటి అణువు కలిసి ఒక నైట్రస్ ఆక్సైడ్ అణువును, ఒక సల్ఫ్యూరిక్ ఆమ్ల అణువును ఇస్తాయి. ఆ ఆమ్లం నీటి పొరను మరింత ఆమ్లయుతం చేస్తుంది.

ఈ సమీకరణంలోనే స్థిర నిష్పత్తి రహస్యం కూడా ఉన్నది. సల్ఫర్ డయాక్సైడ్ సమృద్ధిగా ఉన్న బొగ్గు పొగలో చర్యను పరిమితం చేసేది నైట్రిక్ ఆక్సైడే. 600 పీపీఎం నైట్రిక్ ఆక్సైడ్ ఉన్న నమూనాలో గరిష్ఠంగా 300 పీపీఎం నైట్రస్ ఆక్సైడ్ ఏర్పడవచ్చు. ఎక్కువ నైట్రిక్ ఆక్సైడ్ ఉన్న పాత్రలో ఎక్కువ, తక్కువ ఉన్న పాత్రలో తక్కువ. మంటలోని సంబంధంగా పరిశోధకులు చదువుకున్నది నిజానికి పాత్రలోని సంబంధం.

మరి పొగగొట్టంలోనే ఈ చర్య ఎందుకు జరగదన్న ప్రశ్న విద్యార్థులకు సహజంగా రావాలి. అక్కడ వాయువు సుమారు 130 నుండి 150 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంటుంది కనుక నీరు ద్రవరూపంలో ఉండదు. వాయువు గొట్టంలో ఉండేది కొన్ని క్షణాలే. బయటకు వచ్చిన వెంటనే గాలిలో కలిసి పలచబడుతుంది. పైన చెప్పిన వర్గ సంబంధం వల్ల ఆ పలచదనంలో ఆక్సీకరణ దాదాపు ఆగిపోతుంది. చల్లదనం, తేమ, గాఢత, వ్యవధి నాలుగూ ఒకేచోట సమకూరేది నమూనా పాత్రలోనే.

నివారణ సులువైనదే. వాయువును పాత్రలోకి పంపే ముందు నీటిని తొలగించాలి, సల్ఫర్ డయాక్సైడ్‌ను క్షార ద్రావణంతో పట్టివేయాలి. అన్నిటికన్నా మేలైనది నిల్వ చేయకుండా పొగగొట్టం వద్దనే నేరుగా కొలవడం. అలా కొలిచినప్పుడు సాధారణ పొడి బొగ్గు బాయిలర్ల నుండి వెలువడే నైట్రస్ ఆక్సైడ్ చాలావరకు 5 పీపీఎం లోపే ఉన్నట్లు తేలింది.

మంటలో నిజంగా పుట్టేది

ఈ ఉదంతం చదివినవారు దహనంలో నైట్రస్ ఆక్సైడ్ అసలే పుట్టదనుకుంటే అది మరొక పొరపాటు. ఇంధనంలోని నత్రజని వేడికి హైడ్రోజన్ సయనైడ్‌గా, అమోనియాగా విడుదలవుతుంది. హైడ్రోజన్ సయనైడ్ నుండి వచ్చే ఐసోసయనేట్ రాడికల్ నైట్రిక్ ఆక్సైడ్‌తో కలిసి నైట్రస్ ఆక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ ఇస్తుంది. అమోనియా నుండి వచ్చే ఇమిడోజెన్ రాడికల్ కూడా నైట్రిక్ ఆక్సైడ్‌తో ఇదే ఫలితాన్నివ్వగలదు. కాని 1400 డిగ్రీలు దాటే మంటలో హైడ్రోజన్ పరమాణువులు విస్తారంగా ఉండి, పుట్టిన నైట్రస్ ఆక్సైడ్‌ను వెంటనే నత్రజనిగా మార్చివేస్తాయి. మంట వేడి దానికి పుట్టుకనూ ఇస్తుంది, మరణాన్నీ ఇస్తుంది.

మంట చల్లనైతే సంగతి వేరు. ఫ్లూయిడైజ్డ్ బెడ్ బాయిలర్లు 800 నుండి 900 డిగ్రీల మధ్య పనిచేస్తాయి. ఆ వేడిలో నైట్రస్ ఆక్సైడ్ పుడుతుంది గాని పూర్తిగా నశించదు. ఐపీసీసీ 2006 మార్గదర్శకాల ప్రకారం బిటుమినస్ బొగ్గు వాడే పొడి బొగ్గు బాయిలర్లకు ఒక టెరాజౌల్ శక్తికి 0.5 నుండి 1.4 కిలోల నైట్రస్ ఆక్సైడ్ లెక్క కట్టగా, ఫ్లూయిడైజ్డ్ బెడ్ బాయిలర్లకు 61 కిలోలు లెక్క కడతారు. నైట్రోజన్ ఆక్సైడ్లను, సల్ఫర్ డయాక్సైడ్‌ను తగ్గించడానికి మెచ్చుకున్న సాంకేతికత ఈ ఒక్క విషయంలో వెనుకబడింది. తెలుగు రాష్ట్రాల్లో ఈ తరహా బాయిలర్లలో ఊకను మండించడం వాడుకలో ఉన్నది. ఊక నుండి వచ్చే నైట్రస్ ఆక్సైడ్ బొగ్గు కంటే తక్కువగానే ఉంటుంది. జీవ ఇంధనాల్లోని నత్రజని ఎక్కువగా అమోనియా రూపంలో విడుదల కావడం, మిగిలే బొగ్గులో నత్రజని తక్కువగా ఉండడం ఇందుకు కారణాలు.

ఇక వ్యవసాయ శాస్త్రజ్ఞులకు ఆసక్తి కలిగించే వింత ఒకటి ఉన్నది. పొలంలో వేసే యూరియాయే పొగలోనూ నైట్రస్ ఆక్సైడ్‌కు కారణమవుతుంది. నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి కొన్ని బాయిలర్లలో సుమారు 900 నుండి 1050 డిగ్రీల వేడి వద్ద యూరియా ద్రావణాన్ని పిచికారీ చేస్తారు. యూరియా విడిపోయి అమోనియా, ఐసోసయనిక్ ఆమ్లం ఇస్తుంది. పైన చెప్పిన ఐసోసయనేట్ మార్గం ఇక్కడ తెరుచుకుంటుంది. అందుచేత అమోనియాను వాడిన దానికన్నా యూరియాను వాడినప్పుడు నైట్రస్ ఆక్సైడ్ ఎక్కువగా వస్తుంది.

2020 ఏప్రిల్ 1 నుండి దేశంలో అమలైన బీఎస్-6 ప్రమాణాల తరువాత వచ్చిన డీజిల్ లారీలు, బస్సుల్లో చాలావాటికి ప్రత్యేకంగా ఒక యూరియా తొట్టి ఉంటుంది. అందులో 32.5 శాతం యూరియా ద్రావణం పోస్తారు. ఇంజన్ నుండి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లను ఉత్ప్రేరకంపై అమోనియా నత్రజనిగా మారుస్తుంది. ఉత్ప్రేరకం సుమారు 200 డిగ్రీల వద్ద, అంటే ఇంకా పూర్తిగా వేడెక్కని స్థితిలో ఉంటే, అమోనియా, నైట్రోజన్ డయాక్సైడ్ కలిసి అమోనియం నైట్రేట్ ఏర్పడి, అది విచ్ఛిన్నమై నైట్రస్ ఆక్సైడ్‌ను ఇస్తుంది. ఇంటర్మీడియట్ రసాయన శాస్త్ర పాఠంలో అమోనియం నైట్రేట్‌ను వేడిచేసి నైట్రస్ ఆక్సైడ్ తయారుచేసే ప్రయోగమే ఇది. పెట్రోలు కార్ల ఉత్ప్రేరకాల్లోనూ బండి కదిలిన తొలి నిమిషాల్లో, ఉత్ప్రేరకం పాతబడినప్పుడు ఈ వాయువు ఎక్కువగా పుడుతుంది. మంటలో నశించినది మంట తరువాత మళ్లీ పుట్టే సందర్భాలు పాత్రలోనే కాక గొట్టంలోనూ ఉన్నాయన్నమాట.

వరిగడ్డి మంట

విస్తరణ శాస్త్రజ్ఞులను రైతులు అడిగే ప్రశ్న బాయిలర్ల గురించి కాదు, గడ్డి గురించి. యంత్రంతో కోసిన వరి పొలంలో మిగిలిన గడ్డిని తగులబెట్టవద్దని చెప్పేటప్పుడు హరితగృహ వాయువుల జాబితాలో నైట్రస్ ఆక్సైడ్‌ను కూడా చేర్చడం పరిపాటి. లెక్క వేసి చూడడం మంచిది.

హెక్టారుకు 5 టన్నుల పొడి గడ్డి ఉన్నదనుకుందాం. ఐపీసీసీ లెక్కింపులో వరి గడ్డికి దహన గుణకం 0.80. అంటే 4 టన్నులు మండుతుంది. పంట అవశేషాలకు కిలో పొడి పదార్థానికి 0.07 గ్రాముల నైట్రస్ ఆక్సైడ్ చొప్పున వచ్చేది 280 గ్రాములు. టన్ను గడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని ఉంటుంది కనుక మండిన గడ్డిలోని 22 కిలోల నత్రజనిలో నైట్రస్ ఆక్సైడ్‌గా మారినది ఒక శాతానికి లోపే. నైట్రోజన్ ఆక్సైడ్లుగా, అమోనియాగా, నత్రజని వాయువుగా పోయేదే మిగిలినదంతా.

అదే గడ్డిని తగులబెట్టకుండా ఆరుతడి నేలలో కలిపితే ఏమవుతుంది? అందులోని 27.5 కిలోల నత్రజనిలో ఐపీసీసీ 2006 ప్రామాణిక గుణకం ప్రకారం ఒక శాతం నైట్రస్ ఆక్సైడ్‌గా పోతుందనుకుంటే అది 430 గ్రాములు. నీరు నిలిచిన మాగాణిలో గుణకం 0.3 శాతమే కనుక 130 గ్రాములు. కాని అక్కడ మీథేన్ పెరుగుతుంది. మాగాణి వరి తరువాత వేసే మొక్కజొన్నకు హెక్టారుకు 200 కిలోల నత్రజని ఎరువుగా వేస్తే, అదే ఒక శాతం గుణకంతో వచ్చే నైట్రస్ ఆక్సైడ్ 3.1 కిలోలు. గడ్డి మంట నుండి వచ్చినదానికి ఇది పదకొండు రెట్లు.

గడ్డి తగులబెట్టడాన్ని ఈ అంకెలు సమర్థించవు. నత్రజని నష్టం, గంధకం నష్టం, సూక్ష్మ ధూళి, కార్బన్ మోనాక్సైడ్, హెక్టారుకు సుమారు 11 కిలోల మీథేన్, నేలలో చేరవలసిన సేంద్రియ పదార్థం దూరం కావడం వంటి బలమైన కారణాలు ఎన్నో ఉన్నాయి. నైట్రస్ ఆక్సైడ్ మాత్రం ఆ కారణాల వరుసలో నిలబడదు. చదువుకున్న రైతు ఎవరైనా లెక్క అడిగితే ఒక బలహీనమైన వాదం మిగిలిన బలమైన వాదాలన్నిటినీ చెడగొడుతుంది. ఆ వాయువు గురించి చెప్పదలచుకుంటే ఎరువుల మోతాదు, వేసే సమయం, తడి ఉన్న నేలపై యూరియా చల్లే అలవాటు గురించి చెప్పాలి.

భారం ఎవరి పద్దులో చేరింది?

1988 తరువాత బొగ్గు పద్దులో నుండి తీసివేసిన నైట్రస్ ఆక్సైడ్ ఎక్కడికి పోయిందన్నది ఆసక్తికరమైన ప్రశ్న. వాతావరణంలో పెరుగుదల అలాగే ఉన్నది. 1990 నాటి ఐపీసీసీ తొలి నివేదికలో దహనం వాటా బాగా కుదించుకుపోయి, మూలాలకు, పెరుగుదలకు మధ్య పూడని ఖాళీ మిగిలింది. 1998లో మోసియర్, క్రోజె తదితరులు ఆ ఖాళీని వ్యవసాయ నత్రజని చక్రంతో పూరించారు. పొలంలో వేసిన ఎరువు నుండి నేరుగా వెలువడేదానికి పశువుల ఎరువు, నీటిలో కొట్టుకుపోయిన నైట్రేట్, గాలిలోకి పోయి మళ్లీ నేలపై చేరిన అమోనియా కలిపితే లెక్క సరిపోయింది. 2020లో ప్రచురితమైన ప్రపంచ నైట్రస్ ఆక్సైడ్ లెక్క ప్రకారం 2007–2016 మధ్య ఏటా వెలువడిన 17 మిలియన్ టన్నుల నత్రజనిలో మానవ కారణాలవి 7.3 మిలియన్ టన్నులు. అందులో వ్యవసాయం నుండి నేరుగా వెలువడినది 3.8 కాగా, శిలాజ ఇంధనాలు, పరిశ్రమలు కలిసి సుమారు 1 మాత్రమే.

ఒక గాజు పాత్రలోని నీటి పొర వ్యవసాయంపై పడవలసిన దృష్టిని కొన్నేళ్లపాటు విద్యుత్ కేంద్రాల వైపు మళ్లించిందని చెప్పడం అతిశయోక్తి కాదు. నైట్రస్ ఆక్సైడ్ పేరిట ఆ కాలంలో బాయిలర్లపై నిబంధనలు వచ్చి ఉంటే వ్యయం ఎంతో, ప్రయోజనం ఎంతో ఊహించవచ్చు.

పొలంలోని మూతపెట్టె నమూనాల్లో ఇదే చర్య జరుగుతుందా అన్న భయం అనవసరం. నేల నుండి వచ్చే గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ ఉండదు, నైట్రిక్ ఆక్సైడ్ గాఢత పీపీఎం స్థాయిని చేరదు. గడ్డి మంట పొగను పాత్రల్లో సేకరించే పరిశోధనకు మాత్రం ఈ జాగ్రత్త పూర్తిగా వర్తిస్తుంది. టన్ను వరిగడ్డిలో సుమారు 1.2 కిలోల గంధకం ఉంటుంది. మంటలో అందులో సగానికి పైగా వాయురూపం పొందుతుంది. పచ్చి తగ్గని గడ్డి పొగలో తేమకు కొదవ ఉండదు. మంటకు దగ్గరగా తీసిన గాఢమైన పొగకు ప్రమాదం ఎక్కువ, గాలిలో కలిసి పలచబడిన పొగకు తక్కువ.

అటువంటి పనికి పూనుకొనే విద్యార్థి చేయవలసిన పరీక్ష ఒకటే. ఒకే పొగ నుండి రెండు వరుసల నమూనాలు తీయాలి. ఒక వరుసను తేమ పీల్చే గొట్టం, క్షార గొట్టం గుండా పంపాలి, రెండవదాన్ని నేరుగా నింపాలి. రెండింటినీ గంటకు, ఆరు గంటలకు, ఇరవై నాలుగు గంటలకు కొలవాలి. కాలంతో పాటు రెండవ వరుస విలువలు పెరుగుతూ, మొదటి వరుస విలువలు నిలకడగా ఉంటే, పెరిగినది గడ్డిది కాదు, పాత్రది. సిద్ధాంత గ్రంథంలో పద్ధతుల అధ్యాయం రాసేటప్పుడు నమూనా తీసిన గంట, కొలిచిన గంట రెండూ ప్రతి పట్టికలోనూ పక్కపక్కనే ఉండాలి.